హుక్కు మీద పడని బరువు

మా తమ్ముడు బండిని స్పీడుగా తోలి, వెనక కట్టిన పడవను బోల్తా కొట్టించాడని మార్కాపురంలో అందరూ చెప్పుకుంటారు. చర్చిలో మా పెద్దమ్మ మోకరిస్తే చాలు, "మా పిల్లోళ్లకు స్టీరింగు కాడ బుద్ధినియ్యి ప్రభువా" అంటుంది, కళ్లు మూసుకుని కూడా సరిగ్గా వాడి వైపే తిరిగి. అది అబద్ధం. ఆ రోజు బండిలో వాడి పక్కన కూర్చున్నది నేను, పెద్దమ్మ కాదు.

తమ్ముడికి పికప్ బండి ఉండేది. గనుల నుంచి పలకరాయి తోలేవాడు. ఆ పని తగ్గిపోయాక, కంభం చెరువులో చేపలు పట్టేవాళ్లతో కలిసి పనిచేద్దామని శ్రీశైలం దగ్గర కృష్ణ ఒడ్డున ఒక పాత ఫైబర్ పడవ బేరం చేసుకున్నాడు. దాన్ని లాక్కురావాలంటే పికప్ వెనక హుక్కు కావాలి, కింద రెండు చక్రాల ట్రైలర్ కావాలి. వెల్డింగ్ షాపుకు వాడితోపాటు నేనూ వెళ్లాను. నన్నెవరూ పిలవలేదు.

హుక్కుకు మందపాటి ప్లేటు వేయించాం. జారినా విడిపోకుండా రెండు గొలుసులు, వెనక లైట్లకు వైర్లు, పక్కకు పొడుగు అద్దాలు. అంతవరకూ తగువు లేదు. ఇరుసు దగ్గర వచ్చింది.

"ఇరుసు ఇంకో మూరెడు ఎనక్కి పోవాలక్కా," అన్నాడు వెల్డింగ్ అతను. "పడవ ముక్కు హుక్కు మీద కొంచెం కూసోవాల."

"హుక్కు మీద కూసుంటే బండి కమాను పట్టీల మీద కూసున్నట్టే గదా? అవి రాళ్లు మోసి మోసి ఇప్పటికే చచ్చినాయి. నడిమధ్యకు పెట్టు," అన్నాను.

"నేను చేసే పనే గదక్కా ఇది..."

"నువ్వు పుట్టకముందే నేను బండి తూకం చూసినదాన్ని. బీయస్సీ గూడా చదివినా. పెట్టు."

అది గొప్పకు అన్న మాట కాదు. మా నాయన ఎద్దుల బండి మీద పలకలు తోలేవాడు. సెలవు రోజుల్లో నన్ను పైన కూర్చోబెట్టుకునేది ముద్దుకు కాదు, బరువుకు. ఎద్దుల మెడలు నలిగితే "ఎనక్కి జరుగమ్మా" అనేవాడు. కాడి పైకి లేస్తుంటే "ముందుకు రా" అనేవాడు. బండి కుదిరినప్పుడు కాడిని ఒక వేలితో ఎత్తి చూపించేవాడు. "సూడు, ఇట్లుండాల. మెడ మీద ఈక పడినట్టు ఉండాల." ఆ మాట నాకు పాఠంలా కాదు, ఒంట్లో ఎముకలా ఉండిపోయింది. అది ఎద్దుల అడుగు వేగానికే సరిపోయే తూకం అని నాయన చెప్పలేదు. ఆయన అంతకు మించిన వేగంతో ఎప్పుడూ పోలేదు.

వెల్డింగ్ అతను తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల వైపు చూశాడు. ఇరుసు మధ్యకు వచ్చింది.

కృష్ణ ఒడ్డున పడవను ట్రైలర్ మీదకు ఎక్కించాక, ఇంజను దాని వెనక చెక్కకు బిగించే ఉంది. పడవతోపాటు వచ్చిన తడి వలలు కూడా వెనకే వేయించాను.

"ఇంజను పికప్‌లోకి ఎత్తుకుందామా అక్కా?"

"ఎందుకురా? ఇది సూడు." వంగి, ట్రైలర్ ముందు కడ్డీని ఒంటిచేత్తో లేపాను. ఈకలా లేచింది. నాయన ఉంటే మెచ్చుకునేవాడనుకున్నాను. తమ్ముడు కాసేపు నా చేతిని చూశాడు. కడ్డీని హుక్కుకు తగిలించి పిన్ను వేశాడు.

అడవి దారిలో వాడు నడిపింది నడక కంటే కాస్త ఎక్కువ వేగంతోనే. కొంచెం వేగం అందుకోగానే వెనక పడవ తోక ఊపేది, మా సీటు కూడా ఊగేది. వాడు తగ్గించేవాడు, ఊపు ఆగేది. అట్లా నాలుగైదు సార్లు. నాకు ఎండ, ఆకలి, విసుగు. నేనొక మాట అన్నాను. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట.

"ఏందిరా ఈ నడక? నాయన ఎద్దులు ఇంతకన్నా నయం. మొగోడివేనా?"

వాడు తొక్కాడు. అందరూ పోయే వేగమే, అంతకు మించి లేదు. దోర్నాల ఇంకో రెండు మలుపుల దూరంలో ఉందనగా, దిగుడులో పడవ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, ఆ తర్వాత ఇంకా పెద్దగా ఊగి, పికప్ వెనక భాగాన్ని పట్టుకుని కల్వర్టు మీదికి ఈడ్చి తానూ బోల్తా పడింది. కల్వర్టు గోడకూ తలుపుకూ మధ్య వాడి కుడిచెయ్యి నలిగింది. నాకు నుదుటి మీద చిన్న గీత.

రోడ్డు పక్క హోటలు నుంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. నీళ్లు తాగిస్తూ ఒకతను అడిగాడు, "ఎట్లయిందన్నా?"

"నేనే స్పీడుగా వచ్చినా," అన్నాడు తమ్ముడు.

నేను పక్కనే ఉన్నాను. ఎక్కడైనా, ఎవరితోనైనా వాదించే నా నోరు అక్కడ పెగల్లేదు. ఊరికి వచ్చిన కథ అదే. ఆ తర్వాత నేను తూకం సంగతి, ఇరుసు సంగతి ఎంత చెప్పినా, "తమ్ముడి మీద ప్రేమ, పాపం" అంటారు.

వాడి కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. పికప్ పోయింది. ఇప్పుడు పలకల షెడ్డులో ఎడమచేత్తో పెట్టెలు లెక్కపెడతాడు. "ఇంకెవురన్నా బండిస్తారా వీనికి?" అని వాడి ముందే నవ్వుతారు. వాడూ నవ్వుతాడు.

పడవ వెల్డింగ్ షాపు వెనక పడి ఉండేది. మొన్న కంభం వాళ్లు కొనుక్కున్నారు. వెల్డింగ్ అతను నన్ను చూసి కూడా చూడనట్టు ఇరుసు కోసి, మూరెడు వెనక్కి అతికించాడు. కడ్డీని లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది. తర్లుపాడు రోడ్డు మీద ఆ పడవ గీత గీసినట్టు, తోక కదలకుండా వెళ్లిపోయింది. కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాను.

అక్కడి నుంచి నేరుగా షెడ్డుకు వెళ్లి తమ్ముణ్ని అడిగాను. "నీకు ఆ రోజే తెలుసా?"

"ఏందక్కా తెలిసేది? ఎండన పడి వచ్చినావు, కూసో, మజ్జిగ తాగు."

కూర్చున్నాను. తాగాను. వాడు ఎడమచేత్తో గ్లాసు అందుకుని వెళ్లిపోయాడు.

కృష్ణ ఒడ్డున నేను ఒంటిచేత్తో ఆ కడ్డీని లేపినప్పుడు వాడు నా చేతిని అంతసేపు చూశాడు. పదేళ్లుగా బండి నడిపిన వాడికి అది తప్పని తెలుసా? తెలిస్తే, ఒరే, నాతో ఒక్కసారైనా ఎందుకు పోట్లాడలేదురా?