అక్క కుర్చీ

ఏ ఊరెళ్లినా, గొప్పవాళ్లు బతికిన ఇంటిని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. ఉద్యమాల్లో తిరిగిన రచయిత్రి పోయాక, ఆమె చెల్లెలు చెరువొడ్డు ఇంటిని కొనవచ్చిన వాళ్లందరినీ గుమ్మంలోంచే సాగనంపి, తోటతో సహా ఊరికి పార్కుగా రాసిచ్చింది. ఇచ్చేసిందన్న మాటే గానీ, పొద్దున్నే వచ్చి, కొంగు నడుముకు దోపుకుని వరండా తుడవనిదే ఆవిడకు తోచదు. అక్కను జనం మరిచిపోతారేమోనని బెంగ. అందుకే అక్క కూర్చుని రాసుకున్న పడక కుర్చీ చుట్టూ తాడు కట్టించి, దగ్గరికొచ్చిన వాళ్లను కళ్లతోనే వెనక్కి నెట్టేది. ఒక మధ్యాహ్నం ప్రహరీ గోడ పనికొచ్చిన తాపీమేస్త్రి ఒకడు ఎండకు తాళలేక తాడు దాటి, ఆ కుర్చీలోనే గుర్రు పెడుతున్నాడు.

“లేపమంటారా పిన్నిగారూ?” అన్నాడు తోటమాలి.

ఆవిడ చీపురెత్తింది. తెరుచుకున్న ఆ నోటినీ, సున్నం అంటిన చేతులనీ కాసేపు చూసి, దించేసింది.

“వద్దులే. మా అక్క కూడా అందులో రాసింది తక్కువ, కునుకు తీసిందే ఎక్కువ. మెడ పట్టేస్తుంది, తల కింద ఏదైనా పెట్టు.”