మంగళహారతి వెనక మీసాల పాట

ఆ రోజుల్లో మా వంశానికి మిగిలిన ఆస్తి ఒక పాట. బేతంచెర్లలో మా మేడ ఉన్న చోట నాపరాళ్ల పాలిష్ మిషన్లు తిరుగుతున్నా, పొలాలు ఎప్పుడో చేతులు మారినా, మా మంగళహారతిని మాత్రం ఎవరూ కొనుక్కోలేకపోయారు. చుట్టుపక్కల ఏ పెళ్లిలోనైనా ఆడవాళ్లు అదే పాడేవారు. చివరి చరణంలో మా ముత్తాత పేరు వస్తుంది. (వచ్చినప్పుడల్లా నేను కాస్త సర్దుకుని కూర్చునేవాణ్ణి.) కర్నూలులో ఒక చిన్న ఎఫ్ఎం రేడియోలో కొత్తగా ఉద్యోగం రాగానే, నా మొదటి ప్రత్యక్ష ప్రసారానికి ఆ పాటే పెట్టాను. పాడటానికి మా జేజిని, అంటే మా నాయన తల్లిని, పట్టుచీర కట్టించి తీసుకొచ్చాను. "ఈ హారతి రాసి బాణీ కట్టిన మహనీయుడు మా ముత్తాత" అని మైకులో గంభీరంగా ప్రకటించానో లేదో, జేజి అందుకుంది.

"ఎవురు కట్టిండేది? మా మామనా? ఆయప్ప గొంతెత్తితే ఎద్దులు బెదిరేవి గదప్పా!"

మైకు ఆపమని సైగ చేస్తే, అద్దం అవతల ఇంజనీరు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"చివర్లో ఆయన పేరుంది కదా జేజీ" అన్నాను, బతిమాలుతున్నట్టు.

"నేనే పెట్టినా. కోడలు తన పేరు పెట్టుకుంటే ఊరుకుంటారా? ఈ బాణీ నా పెండ్లిలోది. బంతిలో కూర్చున్న వియ్యాలోళ్లను ఎగతాళి చేసి పాడాల గదా. పెండ్లికూతురు నోరు తెరవగూడదని, కట్టి మా పిన్నికి నేర్పిచ్చినా. విను."

"మీసాల వియ్యంకుడు ఓళిగలు మింగె,
మీసమంతా నెయ్యాయె, తుడిచేవారెవరే!"

అచ్చంగా హారతి బాణీ! ఇన్నేళ్లూ నేను కళ్లు మూసుకుని దండం పెట్టిన బాణీ!

"మా మామకు శానా నచ్చింది. దేవుని మాటలు పెట్టమన్యాడు, పెట్టినా. ఇప్పుడు నువ్వు చెప్పప్పా, పాట ఎవురిదో. జనం వింటాండారు."

మా ముత్తాత మొహం, ఆ మీసంతో సహా, కళ్ల ముందు తిరిగింది. "రచన, బాణీ, గానం... మా జేజి" అన్నాను.

బయటికి రాగానే నాయన ఫోను. "మనకుండేది ఆ పాటొకటే గదరా! అదీ పాయెనా?"

జేజి ఫోను లాక్కుంది. "యాడికి పోతాదిరా? ఈడనే, నా నోట్లోనే ఉండాది."

ఇప్పుడు జేజి లేదు. పెళ్లిళ్లలో హారతి మొదలవగానే, ఎవరూ అడక్కపోయినా, అది మా జేజి పాటని పక్కవాళ్లకు చెబుతుంటాను. చివరి చరణం వచ్చేసరికి మాత్రం ఆ నెయ్యి మీసం గుర్తొచ్చి, నవ్వాపుకోలేక కండువా మొహానికి అడ్డం పెట్టుకుంటాను. భక్తితో కళ్లు తడిశాయని జనం అనుకుంటారు. తడవడం వరకూ నిజమే.