మూడు మాటల దండోరా

చౌడప్ప తప్పెట మోగిందంటే ధర్మవరంలో మా వీధి మగ్గాలన్నీ ఆగిపోయేవి. ఆయన దండోరా మీద మాకంత గురి.

"పని ఆపుకోని వింటారమ్మా తిప్పమ్మా. వాళ్ల పొద్దు తినేదానికి నాకేం హక్కుండాది?" అనేవాడు నాతో. చదువు రాదు. ఎంత పొడుగు కాగితమిచ్చినా బడి అయ్యవారి చేత రెండుసార్లు చదివించుకుని, అక్కర్లేనిదంతా తీసేసి, మూడు మాటల్లో చెప్పి వెళ్లిపోయేవాడు.

1958 ఎండాకాలంలో, మా అరుగు మీదే, నా ఎదుటే, నేతసంఘం ప్రెసిడెంటు గంగాధర ఆయనకో కాగితమిచ్చాడు. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు ఇద్దరూ.

"అయ్యవారు ఊళ్లో లేడు. నువ్వే చదువబ్బా" అన్నాడు చౌడప్ప.

"చదివేదానికేముండాదప్పా! శుక్రవారం మీటింగు, మామూలు సంగతులే. ఇంత పొడుగు ఎవురు వింటారు? నీ తీరునే చెప్పు."

నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, పాపం! "శుక్రవారం సంఘం మీటింగు. మామూలు సంగతులే. తీరికున్నోళ్లు రండి" అని వీధులన్నీ తిరిగాడు. మేమెవరం పోలేదు.

కాగితంలో ఉన్నది మా సంఘం అద్దకం షెడ్డు, బావి అమ్మకమని తర్వాత తెలిసింది. కాదనేవాళ్లు ఆ శుక్రవారమే వచ్చి చెప్పాలట. మేమంతా పట్టుకు రంగు వేసుకునేది ఆ బావి నీళ్లతోనే. అది కాస్తా హిందూపురంలోని గంగాధర బావమరిది పాలైంది.

అందరూ మీద పడితే గంగాధర కన్నార్పకుండా, "దండోరా వేయించినా గదప్పా! వాడు సగం మింగేస్తే నేనేం చేసేది?" అన్నాడు. ఛీ, ఏం మనిషి!

"నా నోరే దొరికిందా అబ్బా నీకు?" అన్నాడు చౌడప్ప. గుంపులో నన్ను వెతుక్కుని, "నువ్వుంటివి గదమ్మా ఆడ. విన్నది చెప్పు" అన్నాడు.

మా ఇంటికి నేతకు పట్టు ఇచ్చేది గంగాధరే. తల దించుకుని గుంపు వెనక్కి జరిగాను. చౌడప్ప తప్పెట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నెల తర్వాత మళ్లీ తప్పెట మోగింది. పిల్లలకు టీకాలు వేసేవాళ్లు వచ్చారట. ఒక్క మగ్గమూ ఆగలేదు. ఆ చప్పుడులోనే ఆయన మూడు మాటలూ చెప్పాడు. ఎవరూ బయటికి రాకపోతే మళ్లీ చెప్పాడు. ఎన్నడూ చెప్పింది రెండోసారి చెప్పని మనిషి! మా గుమ్మం ముందు ఇంకాసేపు నిలబడ్డాడు.

ఆయన తప్పేమీ లేదని ఆ వీధిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా మగ్గమూ ఆగలేదు.