పదమూడో రీలు

కూతురు ఇల్లు విడిచి వెళ్లి మూడు రోజులైందని రీలాయన అందరికీ చెప్పుకుంటున్నాడు గానీ అదంతా ఒట్టి మాట. ఆ పిల్ల ఎక్కడికీ వెళ్లలేదు. ఈయనే పంపించాడు. పొద్దున్నే, ఇంకా పొయ్యి మీద టీ కూడా మరగకముందే, సంచీ చేతికిచ్చి గడప దాటించి, "బుద్ధొచ్చాక రా!" అని తలుపేసి గడియ పెట్టాడు. అదీ జరిగింది. ఉన్నది చెప్పుకోవడానికి మనకి మొహమాటమెందుకు?

రీలాయన అంటే సినిమా హాల్లో ఆపరేటరు. ముప్పై ఏళ్ల సర్వీసు. ఇప్పుడు రీళ్లూ లేవు, వాటిని చుట్టడమూ లేదు. కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కితే బొమ్మ పడుతుంది. అయినా వీధిలో పెద్దాచిన్నా ఆయన్ని రీలాయనే అంటారు, ఆయనకీ అదే ఇష్టం. మనిషి చెడ్డవాడు కాదు. ఒకరి జోలికి పోడు, ఒకరి మాట పడడు. ఒక్కటే జబ్బు. ఏ సంగతి కదిపినా "ఒక సినిమాలో ఏం చేశాడంటే..." అని మొదలెడతాడు.

అవీ అల్లాటప్పా సినిమాలు కావు, పాతకాలం కుటుంబ చిత్రాలు. అబద్ధమాడిన పిల్లాడు చివర్లో ఏడుస్తాడు, అసూయపడ్డ చెల్లెలు అక్క కాళ్ల మీద పడుతుంది, అలాంటివి. పిల్లల్ని ఎలా పెంచాలో ఏ బళ్లోనూ చెప్పరు, బొమ్మ చెబుతుంది అనేవాడు. కూతురు ఒకటో తరగతిలో పక్కపిల్ల రబ్బరు తెచ్చేసుకుంటే, ఒక సినిమాలో తల్లి చేసినట్టే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తిరిగి ఇప్పించాడు. బాగానే ఉంది. సైకిలు నేర్చుకుంటూ పడితే, ఇంకో సినిమాలో తాత చేసినట్టే లేపకుండా నిలబడి చూశాడు. "దానంతట అది లేవాలి" అన్నాడు. మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి. సినిమాలో తాతకి మాత్రం హాలంతా చప్పట్లు కొట్టారు మరి!

అన్నిటికీ మించింది ఇంకొకటుంది. రీలాయన హాల్లో కొత్తగా చేరినప్పుడు తొలిసారి తన చేత్తో ఆడించిన సినిమా. వంద రోజులు ఆడింది, రోజుకి నాలుగాటలు. గోడలో ఉన్న చదరపు కన్నంలోంచి ఒక్క ఆటా వదలకుండా చూశాడు. అందులో కొడుకు పరీక్ష తప్పి, ఆ సంగతి దాచి, తండ్రి సంతకం తనే పెట్టేస్తాడు. తండ్రికి తెలుస్తుంది. "బుద్ధొచ్చాక రా" అని తలుపేస్తాడు. ఆ వెంటనే, అదే గడప ముందు, కొడుకు తల వంచుకుని నిలబడి ఉంటాడు. "నాన్నా, నాకు బుద్ధొచ్చింది" అంటాడు. తండ్రి తలుపు తీస్తాడు. అంతే, ఆడవాళ్లూ మగవాళ్లూ అని లేదు, అందరూ బావురుమనేవారు.

పెళ్లయిన కొత్తలో తెలిసింది, ఆయన భార్య కూడా ఆ సినిమా చూసిందని. చిన్నప్పుడు, పుట్టింటి ఊళ్లో. కూతురు పుట్టిన రోజున ఆస్పత్రి మంచం దగ్గర నిలబడి, "ఆ సినిమాలో తండ్రి ఉన్నాడే, అలా ఉంటాను దీనికి" అన్నాడాయన. ఆవిడ కళ్లు తుడుచుకుని, "అంతకంటే ఏం కావాలండీ" అంది. పద్దెనిమిదేళ్లుగా ఆ మాట మీద ఇద్దరికీ రవ్వంత తేడా రాలేదు.

సరే, ఇప్పటి సంగతికొద్దాం. కాలేజీ నుంచి వచ్చిన కాగితమొకటి కూతురి పుస్తకంలో దొరికింది. రెండు సబ్జెక్టులు పోయాయి, తండ్రి వచ్చి కలవాలి అని ఉంది. కింద తండ్రి సంతకం. అచ్చం తనదే, కానీ తను పెట్టింది కాదు. కాగితం వచ్చి మూడు నెలలు. రీలాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకు తప్పావని అడగలేదు, ఎందుకు దాచావని అడగలేదు. తండ్రి ఏం చెయ్యాలో ఆయనకి నాలుగొందల ఆటల నుంచీ తెలుసు. చేశాడు.

మొదటి రోజు ధీమాగానే ఉన్నాడు. భార్య తల బాదుకుంటుంటే, "నువ్వూరుకో, అది వస్తుంది, చూస్తూండు" అన్నాడు. రెండో రోజు ముద్ద దిగలేదు. హాల్లో విశ్రాంతి కార్డు వెయ్యడం మరిచిపోతే జనం ఈలలేశారు, మేనేజరు పైకొచ్చి "ఏమైందయ్యా నీకు?" అన్నాడు. పిల్ల ఫోనుకి ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్. ఏ లారీ హారను విన్నా గుండె గుభేలుమంటోంది. ఎక్కడ తింటోందో, ఎవరి దగ్గరుందో. ఆడపిల్ల. ఆ మాట మనసులోకి రాగానే లేచి నిలబడేవాడు, మళ్లీ కూర్చునేవాడు. వెతకడానికి వెళ్తే చేసిందంతా బూడిదలో పోసినట్టవుతుందని భయం. వెళ్లకపోతే పిల్ల ఏమైపోతుందోనని భయం. ఇంకా రాలేదంటే తనే ఎక్కడో తప్పు చేశానేమోనన్నది మూడో భయం, దాన్ని దగ్గరికే రానివ్వలేదు.

మూడో రోజు ఆయనకి వారపు సెలవు. భార్య బజారుకి వెళ్లింది. పదకొండు గంటల వేళ తలుపు అవతల అడుగుల చప్పుడైంది. ఆ చెప్పుల చప్పుడు ఆయనకి తెలీదా? పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. ఒక్క ఉదుటున లేచి తలుపు దగ్గరికొచ్చాడు. తలుపు కింద సందులో నీడ కనిపించింది. గడియ మీద చెయ్యేశాడు.

వేసి, ఆగాడు.

కొట్టాలి. కొట్టి, ఆ మాట అనాలి. అప్పుడు తియ్యాలి. ముందే తీసేస్తే ఏం బుద్ధొచ్చినట్టు? ఆయనకి నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. "అనవే తల్లీ, ఒక్క ముక్క అను" అని లోపల్లోపలే బతిమాలుకుంటున్నాడు. దగ్గొచ్చింది, ఆపుకోలేక దగ్గాడు. నీడ కదిలింది. చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. ఈయన గడియ లాగి, చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తేసరికి మలుపు దగ్గర ఎవరూ లేరు.

భార్య బజారు నుంచి రొప్పుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "ఏవండీ, పిల్ల క్షేమంగా ఉందట! దాని క్లాసుమేటు ఇప్పటికి ఫోనెత్తింది. వాళ్లింట్లోనే ఉందట, వాళ్లమ్మ బట్టలు కుడుతుందట, రైలు పట్టాల అవతల. ఇవాళ ఇంటికొస్తానని బయల్దేరిందట. వచ్చిందా?"

"వచ్చింది."

"ఏదీ?"

"వెళ్లిపోయింది."

సంగతి విన్నాక ఆవిడ చేతిలో సంచీ నేల మీద పడింది. "గుమ్మంలోకొచ్చిన పిల్లని తలుపు తియ్యకుండా పంపించారా? మీరు మనిషేనా?"

"నన్నంటావేంటి? ఆ సినిమాలో తండ్రి ఏం చేశాడు? తలుపేసుకుని కూచున్నాడు! కొడుకే వచ్చాడు!"

"కూచున్నాడా? ఎప్పుడు కూచున్నాడు? ఊరంతా కాళ్లరిగేలా తిరగలేదూ? కొడుకు హోటల్లో ప్లేట్లు కడుగుతుంటే వెళ్లి పక్కన కూచుని తనూ కడగలేదూ? ఎందుకు దాచావురా అని అప్పుడు కదా అడిగింది!"

రీలాయన ఆవిడ మొహంలోకి చూశాడు. "ఎక్కడ?"

"ఎక్కడేంటి, మీరు చెప్పే ఆ సినిమాలోనే!"

"మా హాల్లో అది లేదే."

అనేసరికి అసలు సంగతి గుర్తొచ్చింది. హాలు ఊరి చివర. రాత్రి ఆట వదిలేసరికి చివరి బస్సు వెళ్లిపోతోందని జనం గోల చేస్తుంటే, ఒక రీలు ఎత్తెయ్యమన్నాడు అప్పటి మేనేజరు. పెద్ద ఆపరేటరు పదమూడోది డబ్బాలో పెట్టి మూతేశాడు. "ఇందులో ఏముంటుందిరా, ఏదో పాటుంటుంది. పన్నెండు కాగానే పద్నాలుగు ఎక్కించెయ్" అన్నాడు. ఈయన వంద రోజులూ, నాలుగాటలకీ అలాగే ఎక్కించాడు. తలుపు మూసినప్పుడు కొడుకు ఒంటి మీద గళ్లచొక్కా, గడప ముందు నిలబడినప్పుడు తెల్లచొక్కా. ఎప్పుడు మార్చుకున్నాడబ్బా అని ఒకసారి అనుకున్నాడు కూడా. అనుకుని ఊరుకున్నాడు.

"నేను చూపించలేదే," అన్నాడు నీరసంగా. "నేనే చూపించలేదు."

ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. పద్దెనిమిదేళ్లుగా అవును అవును అనుకుంటున్న ఆలుమగలు ఇద్దరు వేరు వేరు తండ్రుల గురించి అనుకుంటున్నారన్నమాట!

"ప్లేట్లు కడుగుతూ కొడుకుతో ఏమన్నాడు?" అని అడిగాడు రీలాయన, చెప్పులు వెతుక్కుంటూ. "ఆ డైలాగు చెప్పు."

"నాకేం గుర్తుంది? ఓణీ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను అప్పుడు. వెళ్లండి ముందు! ఏదో ఒకటి మీరే అనండి!"

రైలు పట్టాల అవతల ఒకటా రెండా, అన్నీ ఇరుకు వీధులే. మొదటి కుట్టు దుకాణంలో "అమ్మాయి ఎలా ఉంటుంది?" అని అడిగారు. చెప్పాడు. "ఏ రంగు బట్టలేసుకుంది?" తెలీదు. తలుపే తియ్యనివాడు పిల్లని చూస్తే కదా. "స్నేహితురాలి పేరేంటి?" అదీ తెలీదు. భార్యని అడక్కుండా, ఫోను కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "తండ్రేనా మీరు?" అని అనుమానంగా చూసిందొకావిడ. సిగ్గుతో చచ్చిపోయాడు. ఎండ మాడుస్తోంది. గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వెళ్లిన పిల్ల ఇక్కడికే వచ్చిందని నమ్మకమేముంది? బస్సెక్కి ఎటో పోయి ఉంటే? పట్టాల మీదుగా రైలు వెళ్తుంటే చెవులు రెండూ మూసుకున్నాడు. అరవయ్యేళ్లకి దగ్గరపడ్డ మనిషి, నడివీధిలో.

నాలుగో దుకాణం ఒక మేడ మెట్ల కింద గది. కుట్టుమిషనావిడ తలెత్తి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి చెయ్యి చూపించింది. మూల గోనెపట్టా మీద కూర్చుని ఆయన కూతురు బడిపిల్లల చొక్కాలకి గుండీలు కుడుతోంది. కళ్లు వాచి ఉన్నాయి. తండ్రిని చూడగానే సూది వేలికి గుచ్చుకుంది, ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

రీలాయన పక్కన చతికిలబడ్డాడు. ఇన్నేళ్లలో మొదటిసారి, ఏ సినిమాలోంచీ ఒక్క ముక్కా అందలేదు.

"నాకు భయమేసిందమ్మడూ," అన్నాడు చివరికి.

"నీకా?"

"మూడు రోజుల్నించీ. ఇందాక తలుపు వెనకాల ఉన్నాను. నువ్వే ముందు మాట్లాడాలని ఆగాను. ఎంత వెధవపని!"

"తెలుసు. దగ్గావు కదా. లోపలుండి కూడా తియ్యలేదని వెళ్లిపోయాను."

అప్పుడడిగాడు, అడగాల్సింది: "నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే తలుపేస్తావని." గుండీ దారం పళ్లతో తెంపింది. "చెప్పకపోయినా వేశావులే."

కుట్టుమిషను ఆగింది. ఆవిడ చీర సర్దుకుని నీళ్ల బిందె పట్టుకుని బయటికి నడిచింది.

"మళ్లీ తప్పితే?" అంది కూతురు. "అప్పుడు చెప్తే ఏం చేస్తావు? నిజం చెప్పు నాన్నా. సినిమాలో సంగతి కాదు."

"అరుస్తాను," అన్నాడు రీలాయన. "అరవనని చెప్పలేను. నా నోరు నీకు తెలుసు. అరుస్తాను గానీ, తలుపు మాత్రం వెయ్యను. అరిచి నీ పక్కనే కూచుంటాను."

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "రేపు పొద్దున వస్తా. నా అంతట నేనే వస్తా. ఇవాళ నువ్వెళ్లు," అంది.

మూడు నెలలు అబద్ధమాడిన పిల్ల. చెయ్యి పట్టుకుని లాక్కుపోదామని ఆయన వేళ్లు కొట్టుకున్నాయి. అయినా లేచాడు, ఒక్కడే ఇంటికి వచ్చాడు. "దాని మాట నమ్మి వదిలేసి వచ్చారా?" అని భార్య గగ్గోలు పెట్టింది. "నమ్మకపోతే మళ్లీ దాస్తుంది కదే," అన్నాడు గానీ గొంతులో పసలేదు.

మర్నాడు మార్నింగ్ షోకి సెలవు పెట్టాడు. ముప్పై ఏళ్లలో జ్వరమొస్తే తప్ప పెట్టనివాడు. తలుపు బార్లా తీసి మెట్టు మీద కూర్చున్నాడు. తొమ్మిదైంది. పది. దారిన పోయేవాళ్లు "ఏం రీలాయనా, ఆట లేదా?" అంటుంటే తలూపాడు. పదకొండు. లోపల్నుంచి భార్య "నే చెప్పలేదూ!" అని రెండుసార్లంది. పన్నెండవుతుంటే నడుము పట్టేసింది, అయినా లేవలేదు. ఎక్కడ లేచిన క్షణంలో వస్తుందోనని.

పన్నెండున్నరకి మలుపు తిరిగింది కూతురు. సంచీ భుజాన ఉంది. నడక మెల్లగా ఉంది. మెట్టు దగ్గరికొచ్చి నిలబడి, తండ్రి మొహంలోకి చూస్తూ అంది:

"నాన్నా, రెండు కాదు. మూడు సబ్జెక్టులు పోయాయి. మూడోదాని కాగితం చింపేశాను."

రీలాయన అరిచాడు. ఎదురింటి మేడ మీదివాళ్లు తొంగి చూసేలా అరిచాడు. కాలేజీని తిట్టాడు, పుస్తకాల్ని తిట్టాడు, తన్నుతానే రెండు తిట్లు తిట్టుకున్నాడు. ఆ పిల్ల సంచీ పట్టీ రెండు చేతులా పట్టుకుని, కదలకుండా, ఆయన్నే చూస్తూ నిలబడింది. అరిచి అరిచి ఆయాసమొచ్చాక మెట్టు మీద ఓ పక్కకి జరిగాడు.

ఆ పిల్ల వచ్చి కూర్చుంది.