దిగంగానే బుడ్డలు

బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకున్న రత్నమణికి ఆ వీధివాళ్ళు ‘ఎంక్వైరీ’ అని పేరు పెట్టారు. స్టేషన్లో ఉన్న ఎంక్వైరీని మనం అడగాలి. ఈ ఎంక్వైరీ మనల్ని అడుగుతుంది. ఏ ఊరు, ఆ ఊళ్ళో నీళ్ళు ఉప్పనా తియ్యనా, బజ్జీలోకి ఏ మిరపకాయ వాడతారు, పెద్దమ్మాయిని ఎక్కడ ఇచ్చారు? నాపరాళ్ళ లోడు కోసం వచ్చే లారీ డ్రైవర్లు ప్లేటు ఉగ్గాని తినేలోగా సగం వంశ చరిత్ర చెప్పేసి పోతారు. విన్నదాన్ని ఆమె ఇంకొకరి దగ్గరికి మోసుకుపోదు. అందుకే ఎవరూ విసుక్కోరు.

అలాంటి మనిషి కూతురు మహిమకు పెళ్ళి కుదిరింది. మహిమ కర్నూల్లో నర్సు. పెళ్ళికొడుకు నెహెమ్యా అదే ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాడు. అతనిది రేపల్లె దగ్గర పల్లె. చిన్నప్పుడే తల్లి పోతే పెద్దమ్మ సువార్తమ్మ పెంచింది. వాళ్ళ చర్చిలో స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. పెళ్ళికి ముందురోజు సాయంత్రం బంధువులంతా బస్సు మాట్లాడుకుని బేతంచెర్ల వస్తారు. తెల్లారి చర్చిలో పెళ్ళి.

ఆ సాయంత్రం వాళ్ళకు ఏం పెట్టాలన్నదే ఇంట్లో చర్చ. పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్ళు కోసే మిషను దగ్గర పనిచేసే భర్త దాసన్న షామియానా అన్నాడు, బిర్యానీ అన్నాడు, పాటల బాక్సులు కూడా అన్నాడు.

“పెళ్ళినాడు ఎట్లాగూ బిర్యానీ ఉండాది గదా,” అంది రత్నమణి. “ముందురోజు గూడా దేనికి? ప్లేటు చేతికిస్తే తింటారు, చెయ్యి కడుక్కుంటారు, ఫోన్లు చూసుకుంటారు. ఎవురు ఎవురో ఎట్లా తెలుస్తాది?”

ఆమె బాధ ఆమెది. కమలాపురం నుంచి కోడలిగా వచ్చినప్పుడు తన పెళ్ళికి జనం వచ్చారు, తిన్నారు, పోయారు. ఎవరు ఏమవుతారో చెప్పినవాళ్ళు లేరు. దాసన్న మేనత్తను పక్కింటి మనిషనుకుని శానాళ్ళు పేరు పెట్టి పిలిచింది. ఆ మేనత్త బతికున్నన్నాళ్ళూ ఆ సంగతి నలుగురిలో తీస్తూనే ఉండేది. మహిమకు ఆ గతి పట్టకూడదు. ఆ ఇంట్లో ఎవరు నవ్వుతారు, ఎవరు అలుగుతారు, ఎవరి మాట చెల్లుతుంది, ఇవన్నీ తాళి కట్టకముందే తెలియాలి.

అందుకని ఏర్పాటు ఇట్లా అనుకుంది. ఇంటి ముందు పరిచిన నాపరాళ్ళ మీద దుప్పట్లు. బొరుగులు నానబెట్టి తిరగమోత వేసిన ఉగ్గాని వేడివేడిగా, పక్కన బజ్జీలు, టీ. ఆ తర్వాత మధ్యలో కుప్పలు కుప్పలుగా బుడ్డలు. బుడ్డలంటే వేరుశనక్కాయలు. చేన్లో అప్పుడే పీకినవి, ఉప్పేసి ఉడకబెట్టినవి.

“బుడ్డలు తినల్లంటే ఒలవల్ల. ఒలవల్లంటే కూచోవల్ల. చేతులకు పనుంటే ఫోను పట్టుకోరు, నోరు ఖాళీగా ఉంటాది, మాట్లాడతారు.” ఇదీ ఆమె లెక్క.

ఎదురింటి రామలక్ష్మమ్మ వాళ్ళ చేన్లో ఆ వారమే బుడ్డలు పీకుతున్నారు. “మూట పంపిస్తా. దుడ్ల మాటెత్తితివా, పెళ్ళికి రాను,” అని ఆమె బెదిరించింది.

కబురు చెప్పే పని దాసన్న మీద పడింది. ఫ్యాక్టరీలో మిషను మోతలోనే సువార్తమ్మ భర్తకు ఫోన్ చేశాడు. ఆ మోతకు అలవాటుపడి దాసన్న ఎక్కడున్నా అరిచే మాట్లాడతాడు. ఆరోజు ఇంకొంచెం ఎక్కువ అరిచాడు. వచ్చి, చెప్పేశానన్నాడు.

మర్నాడు సువార్తమ్మ ఫోన్ చేసింది.

“వందనాలు వదినగారూ. సాయంత్రం మీరేం శ్రమపడొద్దండీ. మేం నంద్యాలలో మావాళ్ళింట్లో దిగి, పొద్దున్నే నేరుగా చర్చికొచ్చేస్తాం.”

“ఏమైంది వదినా?”

“ఏం లేదండీ. పిల్లలున్నారు, పెద్దవాళ్ళున్నారు. ఎందుకులెండి అవన్నీ.”

ఫోన్ పెట్టేసింది. గొంతులో కోపం లేదు. జాలి లాంటిది ఉంది. అదే రత్నమణికి అర్థం కాలేదు.

దాసన్నను కూర్చోబెట్టింది. “ఏమయ్యా, నువ్వు ఏమంటివో ఒక్క మాట పోకుండా చెప్పు.”

“ఏమంటి? ‘బావా, దిగంగానే అందరికీ బుడ్డలే’ అంటి. ‘ఆడోళ్ళకు, మొగోళ్ళకు, పిల్లోళ్ళకు గూడా, ఎవురికి ఎన్ని కావాల్నో అన్ని’ అంటి. ‘అంగట్లో కొన్నవి గాదు, మనూర్లో తయారైనవే’ అంటి. ‘పొద్దుపోయేదాకా కదలకుండా కూచుందాం’ అంటి.”

“దానికి ఆయప్ప ఏమన్యాడు?”

“‘పిల్లలకు కూడానా?’ అన్యాడు. ‘మా ఈడ నోట్లో పండ్లు వస్తానే మొదలు పెడతారు’ అంటి.”

రత్నమణి ఎటు తిప్పి చూసినా అందులో తప్పు కనపడలేదు. మహిమ నెహెమ్యాను అడిగింది. “పెద్దమ్మ నోరు విప్పట్లేదు, ఊరికే ప్రార్థన చేసుకుంటోంది,” అన్నాడతను.

ప్రార్థన అన్న మాటతో రత్నమణికి పాత రోజులు గుర్తొచ్చాయి. దాసన్న ఒకప్పుడు తాగేవాడు. జీతం రోజు ఇంటికి ఆటోలో పడుకుని వచ్చేవాడు. మానేసి ఏళ్ళయింది. ఇప్పుడు క్రిస్మస్ కేకులో సారా కలుస్తుందని ఎవరో అంటే దాన్నీ ముట్టడు. ఆ పాత సంగతి ఎవరో మోసుంటారు. అందుకే ఆ జాలి గొంతు. పెళ్ళే తప్పిపోతుందా?

సువార్తమ్మకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది. ముక్కూమొహం తెలియని డ్రైవర్లను వాళ్ళ అత్తల సంగతులు అడిగే రత్నమణి ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయింది. పేరు నొక్కబోయి, ఫోను కొంగుకు తుడిచి పక్కన పెట్టేసేది. అవుననే జవాబు వస్తే ఏం చేయాలో ఆమెకు తెలియదు.

ఈలోగా రామలక్ష్మమ్మ మూట పంపనే పంపింది. వద్దన్న విందుకు వచ్చిన బుడ్డలు. పాడవుతాయని కొన్ని ఉడకబెట్టి, గంపలో పోసి, తడిగుడ్డ కప్పి బండి దగ్గర పెట్టుకుంది. గుంటూరు నుంచి రాళ్ళకు వచ్చిన డ్రైవరొకడు ఉగ్గాని తింటున్నాడు. ఆరోజు రత్నమణి అతన్ని ఏమీ అడగలేదు. తినడం అయ్యాక మాత్రం అంది:

“బుడ్డలు గూడా ఉండాయప్పా. ఇమ్మంటావా?”

డ్రైవరు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. “ఇక్కడ అవి కూడా అమ్ముతున్నావా అక్కా? వద్దులే, బండి నడపాలి.”

“నడిపితే ఏమాయ? ఒక చేత్తో తిప్పుకుంటా ఇంకో చేత్తో తినొచ్చు.”

“తినడమేంటి?”

రత్నమణి గుడ్డ తీసి చూపించింది. అతను గంపలోకి చూసి, పొరబోయేంతగా నవ్వాడు. “వేరుశనక్కాయలా! నేను మందు బుడ్లనుకున్నా అక్కా. పొద్దున్నే ఇంత ధైర్యంగా పిలుస్తోందేంటా అని!”

రత్నమణి నవ్వలేదు. దాసన్న ఫోన్లో అరిచిన ప్రతి మాటా మళ్ళీ వినిపించింది. ఆడోళ్ళకు. పిల్లోళ్ళకు గూడా. మనూర్లో తయారైనవే. పండ్లు వస్తానే మొదలు. బండిని డ్రైవరుకే అప్పజెప్పి, నాలుగడుగులు పక్కకు పోయి ఫోన్ చేసింది.

“వదినా, ఒకటి అడుగుతా. చేన్లో పీకి, ఉప్పేసి ఉడకేసి, ఒలుచుకొని తింటారే, దాన్ని మీ తట్టు ఏమంటారు?”

“వేరుశనక్కాయలు. ఏం?”

“మా ఈడ బుడ్డలంటాం వదినా.”

 “అయ్యో నా తండ్రీ!” అని అవతల వినిపించింది. ఆ తర్వాత ఆమె భర్తను పిలిచే కేక. తర్వాత ఇద్దరి నవ్వూ కలిసి వినిపించింది.

“ఎవరితో అనకండి వదినగారూ, సిగ్గుచేటు,” అంది సువార్తమ్మ ఊపిరి తీసుకుని. “అన్నయ్యగారి తాగుడు మానిపించమని మా సమాజమంతా ఉపవాసముండి ప్రార్థించాం.”

బస్సు నేరుగా బేతంచెర్లకే వచ్చింది. ఉగ్గాని అయిపోయింది, బజ్జీలు రెండోసారి వేశారు. తర్వాత రత్నమణి అనుకున్నట్టే జరిగింది. బుడ్డల కుప్పల చుట్టూ చేరిన జనం లేవలేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో మహిమ ఒలుస్తూ అడుగుతోంది, వాళ్ళు ఒలుస్తూ చెబుతున్నారు. దాసన్న మాత్రం సిగ్గుపడి టీ గ్లాసుల వెనకే తిరుగుతున్నాడు.

“అన్నయ్యగారూ,” సువార్తమ్మ అందరికీ వినిపించేలా కేకేసింది, “నాకింకో రెండు బుడ్డలు పోయించండి!”

వాకిలంతా నవ్వింది. ఆ నవ్వు చల్లారాక, పక్కనే కూర్చున్న రత్నమణి చేతిలోని కాయను ఒలవకుండా అట్లాగే పట్టుకుని, మెల్లగా అంది:

“వదినా, ఆయప్ప నిజంగానే తాగేటోడు. శానా తాగేటోడు. మానేసి ఏళ్ళయిపాయ. రేపు ఇంకెవురో చెప్తే మీకు తెలియడం నాకిష్టం లేదు.”

సువార్తమ్మ చేతిలో ఉన్న కాయను చిట్లించింది. గింజలు రెండూ రత్నమణి అరచేతిలో వేసింది.

“అయితే మా ఉపవాసం ఊరికే పోలేదన్నమాట,” అంది. “కాస్త ఆలస్యంగా చేశాం, అంతే.”

ఇంకో కాయ అందుకుంది. రత్నమణి గింజలు నోట్లో వేసుకుని, అడగడం మొదలుపెట్టింది.

“సరే వదినా, కోస్తే కండ్లల్లో నీళ్ళు తెప్పిచ్చే ఎర్రగడ్డను మీ తట్టు ఏమంటారు?”