మెడ దగ్గర వణికిన కత్తెర

వీధిలో అందరికీ ఆయన మెతక మాస్టారు. గౌన్లు కుట్టే దర్జీ. దోమ వాలినా కొట్టడు, ఉఫ్ అని ఊదుతాడు. అలాంటి మనిషి హత్య చేశాడంటే నమ్మేవాళ్లే ఉండరు.

చచ్చింది ఇంటి ఓనరు పిన్నిగారి కోడిపుంజు. తెల్లవారకముందే మాస్టారి కిటికీ కిందికొచ్చి, పనిగట్టుకుని ఆయన కోసమే కూసేది. ఓ రోజు నిద్రమత్తులో చేతికందిన చెక్క స్కేలు విసిరాడు. జన్మలో ఏదీ గురిచూసి కొట్టలేని మనిషి, సరిగ్గా దాని మెడకే తగిలించాడు. పాపం, కిక్కురుమనకుండా పోయింది. దాన్ని పెరట్లో పాతిపెట్టి, ఏమీ ఎరగనట్టు మిషను ముందు కూర్చున్నాడు.

అక్కడితో పోతే బాగుండేది. ఎంత వెతికినా పుంజు కనబడక, పిన్నిగారి అనుమానం ఎదురింట్లో ఉండే సొంత తమ్ముడి మీదికి పోయింది. "దీన్ని ఎప్పటికైనా కూర వండుకు తింటానక్కా" అని ఏడిపించేవాడాయన. అంతే, మాటలు బంద్. రోజూ సాయంత్రం మెట్లమీద కూర్చుని పకపకా నవ్వుకునే ముసలి అక్కాతమ్ముళ్లు, ఇప్పుడు ఒకరు బయటికొస్తే ఇంకొకరు తలుపేసుకుంటున్నారు. చూసినప్పుడల్లా మాస్టారి ప్రాణం ఉసూరుమనేది. నిజం చెబితే పిన్నిగారు ఇల్లు ఖాళీ చేయిస్తుంది. చెప్పకపోతే వాళ్లిద్దరూ ఇలాగే ఉండిపోతారు.

నోరైతే కుట్టేసుకున్నాడు గానీ చెయ్యి మాట వినలేదు. బట్టమీద మెడ గీసి కత్తెర పెట్టబోతే అది వణికేది. భయంభయంగా ఇంత చిన్న కంత పెట్టి వదిలేసేవాడు. అందులో తల పట్టదు, పట్టినా ఊపిరాడదు. "చంపావు పో మాస్టారూ!" అని ఒకావిడ సరదాగా అంటే, సూది వేల్లోకి దింపుకున్నాడు.

"కొత్తగా ఈ మెడల జబ్బేంటండీ?" అంది బొత్తాలు కుడుతున్న భార్య.

"కళ్లజోడు మార్చాలి" అన్నాడు.

ఓ మధ్యాహ్నం పిన్నిగారు, తను కుట్టించుకున్న గౌను పట్టుకుని విసురుగా వచ్చింది.

"ఆ మెడ పని నీదేనా?"

మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు. "కావాలని చేయలేదు పిన్నిగారూ..."

"కావాలని కాకపోతే ఇలా ఎవరు చేస్తారయ్యా! నామీద కోపముంటే చెప్పాలి గానీ, మెడ మీద చూపిస్తావా?"

"కోపం కాదండీ, నిద్రమత్తు! స్కేలు విసిరానంతే, తగులుతుందనుకోలేదు. నిమ్మచెట్టు కింద పాతిపెట్టాను. మీ తమ్ముడుగారికి ఏ పాపమూ తెలీదు. ఇల్లు ఖాళీ చేసేస్తాను."

పిన్నిగారు గౌను వంక చూసింది, ఆయన వంక చూసింది. సంగతి బుర్రకెక్కాక కుర్చీలో కూలబడింది. కాసేపు కళ్లు తుడుచుకుంది. తర్వాత గౌను భుజాన వేసుకునే రోడ్డు దాటి, ఎదురింటి తలుపు బాదింది.

"ఒరేయ్, తియ్యరా! నిన్ను అన్యాయంగా ఆడిపోసుకున్నాన్రా."

ఆ సాయంత్రం మెట్లమీద మళ్లీ నవ్వులు. అవి వింటూ మాస్టారు, పిన్నిగారు మళ్లీ తెచ్చిచ్చిన ఆ గౌను మెడ చక్కగా, గుండ్రంగా కత్తిరించాడు. చెయ్యి వణకలేదు.

గౌను తీసుకుంటూ అంది పిన్నిగారు: "ఖాళీ చేయక్కర్లేదు. కానీ నన్ను పొద్దున్నే లేపేది ఆ పుంజే. రేపట్నుంచి నువ్వు లేపాలి."

మర్నాడు ఇంకా తెల్లవారకముందే మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి, "పిన్నిగారూ!" అని గొంతెత్తాడు.

"ఎవడ్రా ఆ పుంజు? నా చేతిలో చెప్పుంది!" అని ఎదురింట్లోంచి తమ్ముడుగారి కేక.

మాస్టారు చటుక్కున మెడ లోపలికి లాక్కుని, మళ్లీ పిలిచాడు.