మంచు పోస్టులో జ్ఞానదంతం

పోస్టుకు మేం చేరింది నవంబర్‌లో ఒక మధ్యాహ్నం. ఆరుగురం. ఒంటి మీద మూడు పొరల ఉన్ని, కాళ్లకు ఇటుకల్లాంటి బూట్లు. బంకర్‌లో కిరోసిన్ స్టవ్, స్లీపింగ్ బ్యాగులు, ఒక రేడియో సెట్. ఆర్డరు చిన్నది: ఎదురు కొండ మీద నిఘా, గంటకోసారి కిందికి రిపోర్ట్. నేను సెక్షన్ కమాండర్‌ని, చేవెళ్లవాణ్ణి. రేడియో ఆపరేటర్‌ది కనకమామిడి. ఇంత పెద్ద ఫౌజులో ఒకే బస్సు దారివాళ్లిద్దర్నీ ఒక్క గుంతలో పడేశారని నవ్వుకునేవాళ్లం.

రెండో వారానికి బంకరంతా లవంగాల వాసన. ఆపరేటర్ ఎడమ దవడలో లవంగం నొక్కిపెట్టి రిపోర్టులు చదువుతున్నాడు.

"ఏందిరా అది?"

"ఏం లే అన్న. జ్ఞానదంతం. జర సలుపుతున్నది."

అప్పుడు అసలు సంగతి బయటపడింది. సెలవులో ఉండగానే మొయినాబాద్‌లో ఎక్స్‌రే తీయించాడట. పన్ను అడ్డంగా పడుకుని ముందు పన్నును తోస్తోంది. నిటారుగా ఉంటే మత్తు సూది వేసి పీకేస్తారు, వెయ్యితో పోతుంది. అడ్డం పన్నయితే చిగురు కోసి, ముక్కలు చేసి తీయాలి. ఏడు వేలు, మందులు వేరే. చేవెళ్ల సర్కారు దవాఖానలో అడిగితే, ఇట్లాంటివి సిటీలో పెద్ద పళ్ల దవాఖానలోనే తీస్తారు, ఖర్చు పెద్దగా ఉండదు, కాకపోతే రెండు మూడు సార్లు తిరగాలి అన్నారు. ఇతనికేమో సెలవు అయిపోతోంది. ఇంటికి స్లాబు పడుతోంది.

"ఏడు వేలకు సిమెంటు బస్తాలు ఎన్నొస్తయో ఎరికేనా అన్న? ఫౌజుల ముఫత్‌గ తీస్తరు గదా అనుకున్న."

నిజమే, ముఫత్‌గానే తీస్తారు. అక్కడే మా ఫౌజీల బుద్ధి గడ్డి తింటుంది. పైకి ఎక్కే ముందు బేస్ క్యాంపులో పళ్ల డాక్టరు అందర్నీ వరసలో నిలబెట్టి నోళ్లు చూశాడు. ఆ రోజు ఇతనికి వాపు లేదు. చిగురు కింద దాక్కున్న పన్ను టార్చికి కనబడలేదు. నొప్పి ఉందా అని డాక్టరు అడిగాడు. ఉందంటే పన్ను తీసి, మానేదాకా కిందే ఉంచుతాడు. సెక్షన్ పైకి పోతుంది. అందుకే ఇతను లేదని చెప్పాడు.

"మీరంత మంచు ఎక్కుతుంటె నేను కింద గంజి తాగుకుంట పండాల్నా?"

నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి ఏం లాభం? ఆ వరసలో మాలో ఎవడు నిలబడ్డా అదే జవాబు చెప్తాడు.

మంచు తుఫాను పట్టుకుంది. వాపు దవడ దాటి గొంతు కిందికి దిగింది. పళ్ల మధ్య చెంచా పట్టడం లేదు. ఉమ్మి మింగలేకపోతున్నాడు. మా ఆరుగురిలో ఒకడైన నర్సింగ్ అసిస్టెంట్ తన దగ్గరున్న ఇంజెక్షన్లన్నీ వేశాడు. కింద నుంచి డాక్టరు రేడియోలో చెప్పేవాడు: "పడుకోబెట్టొద్దు. కూర్చోబెట్టండి. తెరిపి ఇస్తే హెలికాప్టర్ వస్తుంది." తెరిపి ఇవ్వలేదు. మోసుకుని దిగుతామన్నాను. దారిలో మంచు చరియలు విరిగిపడుతున్నాయి, వద్దని ఆర్డరు.

సెట్ ముందు నుంచి అతను లేవలేదు. మాట పోయింది కాబట్టి డాక్టరు అడిగినదానికి మాట్లాడే స్విచ్ నొక్కి జవాబిచ్చేవాడు. ఒక నొక్కు అంటే అవును. రెండు అంటే కాదు.

"ఊపిరి ఆడుతోందా?" టిక్.

"నొప్పి తగ్గిందా?" టిక్ టిక్.

ఒక పొద్దున గాలి ఆగింది. హెలికాప్టర్ దిగడానికి చోటు కావాలి. నడుంలోతు మంచు తవ్వాలి, అందరూ పారలు పట్టాలి. "కాసేపు ఒక్కడివే ఉంటావురా?" అని అడిగాను. టిక్. తవ్వి తిరిగి వచ్చేసరికి గోడకు ఆనుకుని, కూర్చునే పోయాడు.

పోస్టులో మా టూర్ ముగిశాక కనకమామిడి వెళ్లాను. రోడ్డు మీద ఫ్లెక్సీలో అతను తుపాకీతో ఉన్నాడు. తూటా ఎక్కడ తగిలిందని ఊళ్లో అడిగారు. పన్ను అని చెప్పాను.

"పన్ను నొప్పికి మనిషి పోతడా? ఫౌజోళ్లు ఏందో దాస్తున్నరు," అన్నాడు ఒక పెద్దమనిషి. నాకు ఒళ్లు మండింది. కానీ ఎవరి మీద మండిపడాలి?

స్లాబు పడింది, గోడలకు సున్నం లేదు. అతని భార్య చాయ్ తెచ్చి పక్కన పెట్టింది.

"అన్న, ఆ లవంగాలు నేనే కట్టిచ్చిన. చాయ్‌ల ఏసుకుంట అన్నడు."

చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

"ఆఖరుకు ఏమన్నడన్న?"

"ఏమనలే చెల్లె. నోరు రాలే."

అంతవరకే చెప్పాను. మిగతాది ఆమెకు ఇవాళ్టికీ చెప్పలేదు. మా సెట్లో స్విచ్ నొక్కి పట్టినంతసేపు కింది మాట పైకి రాదు. ఆ పొద్దున నేను బంకర్‌లోకి దిగేసరికి అతని బొటనవేలు స్విచ్ మీద బిగుసుకుపోయి ఉంది. సెట్ మూగగా ఉంది. వేలు విడదీశాను. వెంటనే డాక్టరు గొంతు వచ్చింది:

"మళ్లీ చెప్తున్నా, హెలికాప్టర్ బయల్దేరింది. వినబడితే ఒక్కసారి నొక్కు."